మెడ ఎంఆర్ఐ రిపోర్టు చేతికొచ్చాక

రిపోర్టు సాధారణంగా పనివేళల్లోనే వస్తుంది. స్కాన్ చేయించుకున్న మర్నాడు మీరు ఏ రివ్యూ మీటింగులోనో ఉండగా డయాగ్నస్టిక్ సెంటర్ నుంచి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చి పడుతుంది. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు ఇంకా రెండు రోజుల టైముంది. అంతదాకా ఆగడం ఎవరివల్లా కాదు. తెరిచి చూస్తే మొదటి వాక్యమే ‘లాస్ ఆఫ్ నార్మల్ సర్వైకల్ లార్డోసిస్’ అని ఉంటుంది. మెడకు ఉండాల్సిన సహజమైన వంపు కనబడటం లేదని దానర్థం. దాని కింద డెసికేషన్, బల్జ్, థీకల్ శాక్ ఇండెంటేషన్ అంటూ వరసగా మరికొన్ని మాటలు. సాయంత్రానికి ఫోన్లో అవన్నీ వెతికి చదివేసి ఉంటారు. రాత్రికి ఇంట్లో చర్చ ఉద్యోగం మానేయాలా, ఆపరేషన్ పడుతుందా అన్నదాకా వెళ్తుంది.

నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్లుగా స్క్రీన్ ముందు కూర్చుని పనిచేస్తున్నవాణ్ని. నా మెడకు రెండుసార్లు ఎంఆర్ఐ అయింది. నా టీముల్లో పనిచేసినవాళ్లు ఇలాంటి రిపోర్టులు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. వాళ్లలో కొందరు అవసరం లేని భయంతో నెలలు పోగొట్టుకున్నారు. ఒకరిద్దరు భయపడాల్సిన చోట భయపడక నష్టపోయారు. ఈ రెండు తప్పులూ ఒక్కచోటే మొదలయ్యాయి. రిపోర్టును ఒంట్లో ఉన్న లక్షణాలతో సరిపోల్చకుండా విడిగా చదివారు.

వంపు పోవడం అంటే

వెన్నెముకను పక్కనుంచి చూస్తే కర్రలా నిటారుగా ఉండదు. మెడలోని 7 పూసలు ముందుకు కొద్దిగా ఉబ్బినట్టు వంగి ఉంటాయి. వీపులోని 12 పూసలు వెనక్కి, నడుములోని 5 పూసలు మళ్లీ ముందుకు వంగుతాయి. ముందుకు వచ్చే వంపును లార్డోసిస్ అనీ, వెనక్కి వెళ్లేదాన్ని కైఫోసిస్ అనీ అంటారు. పుట్టినప్పుడు బిడ్డ వెన్నంతా దాదాపు ఒకే విల్లులా ఉంటుంది. మెడ నిలిపే మూడు నాలుగు నెలల వయసులో మెడ వంపు, కూర్చుని, నిలబడి, నడక నేర్చే రోజుల్లో నడుము వంపు బాగా తేలతాయి. సుమారు 5 కిలోల తలను రోజంతా మోయాలంటే పూసలు, డిస్కులు, కండరాలు ఆ బరువు పంచుకోవాలి. ఈ వంపులు ఉన్నది అందుకే.

మెడ వంపు సుమారు 20 నుంచి 40 డిగ్రీల దాకా ఉంటే మామూలని చెప్తారు. కానీ ఏ బాధా లేనివాళ్లలో కూడా ఈ కొలత మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. మెడ దాదాపు నిటారుగా ఉండి కూడా హాయిగా పనిచేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. అందువల్ల ఆ ఒక్క వాక్యాన్ని జబ్బు పేరుగా తీసుకోకూడదు. అది రేడియాలజిస్టు ఆ రోజు బొమ్మలో చూసిన ఆకారం గురించిన వర్ణన.

ఆ ఆకారం అలా కనబడటానికి ముఖ్యంగా నాలుగు కారణాలు. మొదటిది, మీరు పడుకున్న తీరు. ఎంఆర్ఐ పడుకోబెట్టి తీస్తారు. తల కింద పెట్టిన మెత్త కొంచెం ఎత్తుగా ఉన్నా, గడ్డం కొంచెం కిందికి వంగినా మెడ వంపు తగ్గినట్టు వస్తుంది. నడుము స్కాన్‌లో మోకాళ్ల కింద దిండు పెడతారు. దానివల్ల నడుము వంపు చదునవుతుంది. రెండోది, కండరాలు పట్టేయడం. మెడ పట్టేసిన వారంలో స్కాన్ తీస్తే నిటారుగా రావడంలో వింత లేదు. అందుకే చాలా రిపోర్టుల్లో పక్కనే ‘కండరాల స్పాజం వల్ల కావచ్చు’ అన్న మాట ఉంటుంది. మూడోది, మీ శరీర నిర్మాణమే అంత. నాలుగోది మాత్రం నిజంగా పట్టించుకోవాల్సింది. వయసుతో డిస్కుల ఎత్తు తగ్గడం, పాత దెబ్బలు, కీళ్లవాతానికి సంబంధించిన కొన్ని జబ్బులు, గతంలో జరిగిన ఆపరేషన్లు ఇందులోకి వస్తాయి.

స్ట్రెయిటెనింగ్ అన్నా, లాస్ ఆఫ్ లార్డోసిస్ అన్నా ఒకటే. రివర్సల్ అని రాస్తే మాత్రం మెడ ఎదురు దిశలో వంగిందని. ఆ మాట ఉంటే, ముఖ్యంగా ప్రమాదం జరిగాక తీసిన స్కాన్ అయితే, డాక్టర్‌ని దాని గురించి ప్రత్యేకంగా అడగండి. మెడ అసలు అమరిక తెలుసుకోవాల్సి వస్తే నిలబెట్టి పక్కనుంచి తీసే మామూలు ఎక్స్‌రేతోనే తెలుస్తుంది. ఎంఆర్ఐ ఎంత ఖరీదైనదైనా ఈ ఒక్క పనికి దానికంటే ఎక్స్‌రేనే నయం.

రిపోర్టును ఏ వరసలో చదవాలి

చాలామంది పైనుంచి కిందికి చదువుతూ ప్రతి మాట దగ్గరా ఆగిపోతారు. ముందు చివరికి వెళ్లండి. ‘ఇంప్రెషన్’ అన్న శీర్షిక కింద నాలుగైదు వాక్యాలుంటాయి. రేడియాలజిస్టు ముఖ్యమనుకున్నవి అవే. తర్వాత ఫైండింగ్స్‌లోకి వచ్చి మూడు విషయాలు వెతకండి. వెన్నుపాము గురించి ఏం రాశారు, నరాల గురించి ఏం రాశారు, ఏ పక్క అని రాశారు.

వెన్నుపాము దగ్గర ‘కార్డ్ సిగ్నల్ నార్మల్’ అని ఉంటే మంచి వార్త. అక్కడ సిగ్నల్ మార్పు ఉందనో, కార్డ్ కంప్రెషన్ అనో, మైలోమలేసియా (వెన్నుపాము దెబ్బతినడం) అనో కనిపిస్తే రెండు రోజుల తర్వాత ఉన్న అపాయింట్‌మెంట్‌ను ఈరోజుకే మార్చుకోండి. థీకల్ శాక్ ఇండెంటేషన్ అనేది వేరు. వెన్నుపాము చుట్టూ ఉండే నీటి సంచిని డిస్క్ కొంచెం తాకుతోందని మాత్రమే దానర్థం. ఈ రెండింటినీ కలగలిపి భయపడటం నేను చూసిన పొరపాట్లలో అతి మామూలుది.

డిస్కుల మాటలకు ఒక మెట్ల వరస ఉంది. డెసికేషన్ అంటే డిస్కులో నీటి శాతం తగ్గింది. మనవాళ్లు గుజ్జు అరిగిందనేది దీన్నే. బల్జ్ అంటే డిస్క్ అంచు చుట్టూ కొంచెం ఉబ్బింది. ప్రొట్రూజన్ అంటే ఒక చోట పొడుచుకొచ్చింది. ఎక్స్‌ట్రూజన్ అంటే లోపలి గుజ్జు పొర దాటి బయటికి వచ్చింది. సీక్వెస్ట్రేషన్ అంటే ఆ ముక్క విడిపోయింది. వినడానికి చివరివే భయంకరంగా ఉంటాయి గానీ బయటికి వచ్చిన గుజ్జును శరీరం తనే క్రమంగా కరిగించుకోవడం తరచూ జరుగుతుంది. చిన్న బల్జ్ కంటే పెద్ద ఎక్స్‌ట్రూజన్ ఎక్కువగా తగ్గిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు.

నరాల దగ్గర ‘ఫొరామినల్ నారోయింగ్’ అంటే నరం బయటికి వచ్చే సందు ఇరుకైంది. పక్కన మైల్డ్, మోడరేట్, సివియర్ అని తీవ్రత ఉంటుంది. మైల్డ్ అన్న మాటకు మైల్డ్ అనే అర్థం. నరం నొక్కుకుంటోందని స్పష్టంగా రాశారా, లేక తాకుతోందని మాత్రమే రాశారా చూడండి. చివర్లో ‘క్లినికల్ కోరిలేషన్’ సూచించామని ఉంటుంది. తప్పించుకోవడానికి రాసిన లాంఛనం అనుకుని దాన్ని వదిలేయకండి. మనిషిని పరీక్షించిన డాక్టర్ దీన్ని సరిపోల్చాలి, నేను బొమ్మ మాత్రమే చూశాను అని రేడియాలజిస్టు నిజాయితీగా చెబుతున్న మాట అది.

నొప్పి లేనివాళ్ల స్కాన్లలో ఏముంటుంది

మీ రిపోర్టును పక్కన పెట్టి ఈ అంకెలు చూడండి. 2015లో జపాన్ వైద్యులు మెడ గురించి ఏ బాధా లేని 1,211 మందికి ఎంఆర్ఐ తీసి ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 87.6 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. ఇరవైల్లో ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి ఉంది. నడుము విషయంలో 1994లో అమెరికాలో వచ్చిన పరిశోధన ఇప్పటికీ అందరూ ఉదహరించేది. నడుము నొప్పి లేని 98 మందిని స్కాన్ చేస్తే 52 శాతం మందికి కనీసం ఒకచోట బల్జ్, 27 శాతం మందికి ప్రొట్రూజన్ కనిపించాయి. 2015లోనే 3,110 మంది నొప్పి లేనివాళ్ల స్కాన్లను కలిపి చూసిన సమీక్షలో, 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగిన గుర్తులున్నాయి. 80 ఏళ్లకు అది 96 శాతం. జుట్టు నెరవడంలాగే ఇందులో చాలా భాగం వయసు పని.

రిపోర్టు రాసే మనిషినిబట్టి కూడా మాటలు మారతాయి. నడుము నొప్పితో బాధపడుతున్న 63 ఏళ్ల మహిళను మూడు వారాల్లో పది సెంటర్లలో స్కాన్ చేయించి ఆ పది రిపోర్టులనూ పోల్చిన పరిశోధన 2017లో వచ్చింది. అన్నిటిలో కలిపి 49 రకాల లోపాలు రాశారు. పదింటిలోనూ కనిపించిన లోపం ఒక్కటీ లేదు. మెడ నొప్పి నిజమైనదే, మీ బాధ నిజమైనదే. కానీ రిపోర్టులోని ప్రతి వాక్యమూ ఆ బాధకు కారణం కాదని గుర్తుంచుకోవడానికి ఈ ఒక్క పరిశోధన చాలు.

మూడు కేసులు

సరిపోల్చడం ఎలాగో చెప్పడానికి నేను దగ్గర్నుంచి చూసినవి మూడు చెప్తాను.

మొదటిది మా టీములో టెస్టర్, 29 ఏళ్లమ్మాయి. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కేవి. రాత్రి నిద్రలోంచి లేచి చెయ్యి విదిలించుకునేది. మెడ ఎంఆర్ఐలో వంపు లేదని, ఐదు, ఆరు పూసల మధ్య ఎడమవైపు చిన్న బల్జ్ ఉందని వచ్చింది. ఆరు వారాలు మెడకు ట్రాక్షన్ పెట్టించుకుంది. తగ్గలేదు. తిమ్మిరి కుడి చేతిలో, బల్జ్ ఎడమ పక్క అన్న సంగతి ఎవరూ గట్టిగా అడగలేదు. చివరికి మరో డాక్టర్ మణికట్టు మీద వేలితో తట్టి చూసి, నరాల పరీక్ష చేయించి, మణికట్టు దగ్గర నరం నొక్కుకునే కార్పల్ టనెల్ అని తేల్చారు. మణికట్టుకు స్ప్లింట్, మౌస్ మార్పుతో రెండు నెలల్లో సర్దుకుంది. చేతుల్లో తిమ్మిరి అంటే మెడే కానక్కర్లేదు. షుగర్, బి12 తగ్గడం కూడా కారణమవుతాయి. మాంసం, గుడ్లు, పాలు తక్కువగా తినేవాళ్లు బి12 పరీక్ష గురించి డాక్టర్‌ని అడగడం మంచిది.

రెండోది అకౌంట్స్‌లో పనిచేసే 44 ఏళ్ల మిత్రుడు. ఎడమ పిరుదు నుంచి కాలి చిటికెనవేలు దాకా కరెంటు లాగినట్టు నొప్పి. ఎంఆర్ఐలో నడుము చివరి డిస్క్ ఎడమవైపు ఎక్స్‌ట్రూజన్. ఆ డిస్క్ నొక్కే నరం పాదం బయటి అంచుకే వెళ్తుంది కాబట్టి బొమ్మా, బాధా సరిపోయాయి. కానీ డాక్టర్ పరీక్షలో మునివేళ్ల మీద నిలబడగలిగాడు, కాలి బలం తగ్గలేదు. మార్చి నెలాఖరు క్లోజింగ్ ముందు ఆపరేషన్ చేయించుకుని తొందరగా తేల్చేసుకుందామని ఆయన ఆరాటం. డాక్టర్ మందులతో, నడకతో, ఫిజియోథెరపీతో ఆగమన్నారు. పది వారాలకు నొప్పి దాదాపు పోయింది. ఇలాంటి కాలు నొప్పి ఎక్కువమందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. బలం తగ్గకపోతే ఆ మేరకు ఎదురుచూడవచ్చు.

మూడోది నేను మర్చిపోలేనిది. యాభై దాటిన సైట్ సూపర్‌వైజర్. మెడ నొప్పి పెద్దగా లేదు. క్యాంటీన్‌లో టీ గ్లాసు రెండుసార్లు చేతిలోంచి జారితే పక్కవాళ్లు నవ్వి ఊరుకున్నారు. చొక్కా గుండీలు పెట్టడానికి పది నిమిషాలు పడుతోందనీ, చీకట్లో నడుస్తుంటే కాళ్లు తడబడుతున్నాయనీ ఆయన ఎవరికీ చెప్పలేదు. రిపోర్టులో మొదటి వాక్యం మీకూ నాకూ వచ్చినట్టే ‘వంపు తగ్గింది’ అని. నాలుగో వాక్యంలో వెన్నుపాములో సిగ్నల్ మార్పు అని ఉంది. మొదటి వాక్యానికి ఆయుర్వేద తైలంతో మర్దన మొదలుపెట్టి, ప్రాజెక్టు హ్యాండోవర్ అయ్యాక సర్జన్ దగ్గరికి వెళ్దామని నాలుగు నెలలు ఆగాడు. ఆపరేషన్ తర్వాత జబ్బు ముందుకు పోవడం ఆగింది గానీ, చేతివేళ్ల పట్టు పూర్తిగా తిరిగి రాలేదు. నొప్పి ఎక్కువుంటేనే ప్రమాదమని మనమంతా అనుకుంటాం. వెన్నుపాము విషయంలో ఆ లెక్క పనికిరాదు.

డెడ్‌లైన్ కోసం ఆపకూడనివి

మలమూత్రాల మీద పట్టు తప్పడం, మూత్రం రాకుండా బిగపట్టినట్టుండటం, కూర్చునే భాగం మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం ఇవి ఎమర్జెన్సీ. అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చు. పాదం పైకి లేవకపోవడం, చెప్పు కాలినుంచి జారిపోవడం, చేతి పట్టు తగ్గడం, గుండీలు పెట్టలేకపోవడం, నడకలో తడబాటు ఉంటే ఒకటి రెండు రోజుల్లో స్పెషలిస్టు చూడాలి.

జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, గతంలో క్యాన్సర్ ఉండటం, పెద్ద ప్రమాదం తర్వాత నొప్పి మొదలవడం ఇవి ఉంటే నెలలు లాగొద్దు. వెన్నెముక క్షయ మన దేశంలో ఇప్పటికీ కనిపించే జబ్బు. నలభై లోపువాళ్లకు పొద్దున లేవగానే అరగంటకు మించి నడుము బిగుసుకుపోయి, కదిలేకొద్దీ తగ్గి, విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంటే అది కుర్చీ తప్పు కాకపోవచ్చు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే కీళ్లవాత జబ్బు అలాగే మొదలవుతుంది. రుమటాలజిస్టుకు చూపించుకోవాలి.

ఇంకొక్క హెచ్చరిక. ఎడమ భుజం, చెయ్యి, దవడ నొప్పి మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గుతుంటే, చెమటలు పడుతుంటే ‘నాకు స్పాండిలోసిస్ ఉంది కదా’ అని పాత రిపోర్టు మీద తోసేయకండి. ముందు ఈసీజీ తీయించుకోండి.

ఎక్కువమంది చేసే తప్పులు

మొదటి తప్పు, మెడో నడుమో పట్టేసిన మూడో రోజే స్కాన్ చేయించడం. పైన చెప్పిన ప్రమాద సంకేతాలు లేకపోతే మామూలు నడుము నొప్పికి మొదటి ఆరు వారాలు స్కాన్ అక్కర్లేదని వైద్య మార్గదర్శకాలు చెప్తున్నాయి. తొందరపడి తీయిస్తే వయసు మార్పులు బయటపడి కొత్త భయం మొదలవుతుంది తప్ప చికిత్స మారదు.

రెండోది, కాలర్ పెట్టుకుని కూర్చోవడం. ఇది నేనే చేశాను. నా రిపోర్టులో వంపు పోయిందని చూసి, ఒక క్లినిక్‌లో చెప్పారని మూడు నెలలు మెత్తటి కాలర్ పెట్టుకునే పనిచేశాను. తీసేసిన రోజు మెడ తిప్పి స్కూటర్ అద్దంలోంచి వెనక్కి చూడలేకపోయాను. పని లేక కండరాలు బలహీనపడ్డాయి. ఆ తర్వాత ఆరు నెలలు పట్టింది మామూలు స్థితికి రావడానికి. నడుము బెల్టు కథా ఇంతే. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామాన్ని, అవగాహనను సిఫార్సు చేసింది. బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడొద్దని చెప్పింది.

మూడోది, ‘వంపు తిరిగి తెప్పిస్తాం’ అన్న ప్యాకేజీలు కొనడం. ముప్పై సిట్టింగులు, ముందే డబ్బు కట్టాలి, చివర్లో మళ్లీ ఎక్స్‌రే చూపిస్తామంటారు. మీ లక్ష్యం డిగ్రీలు కాకూడదు. గంటసేపు నొప్పి లేకుండా పనిచేయగలగడం, మెడ రెండు పక్కలా తిరగడం, బరువెత్తగలగడం ఇవి కొలవండి. మెడ విరిపించుకోవడం మాత్రం అసలు వద్దు. మెడలోని రక్తనాళాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

నాలుగోది, రిపోర్టు ఫోటో చూసి ఆపరేషన్ ఖాయం చేసేవాళ్లను నమ్మడం. మీ చేతులు, కాళ్ల బలం, స్పర్శ, రిఫ్లెక్సులు పరీక్షించకుండా ఆపరేషన్ అంటే రెండో అభిప్రాయం తీసుకోండి. నరాల బలం పడిపోతున్నప్పుడు మాత్రం మూడో, నాలుగో అభిప్రాయమంటూ కాలం గడపకండి.

డాక్టర్ గదిలో పది నిమిషాలు

మీకు దొరికేది ఆ కాస్త సమయమే. క్లయింట్ కాల్‌కు సిద్ధమైనట్టే సిద్ధమవండి. ఒక కాగితం మీద శరీరం బొమ్మ గీసి నొప్పి ఎక్కడ, తిమ్మిరి ఎక్కడ అని వేరువేరుగా గుర్తుపెట్టండి. బొటనవేలా, మధ్యవేలా, చిటికెనవేలా అన్నది ముఖ్యం. మెడలో ఏ నరం అన్నది వేలు చెప్తుంది. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది రాయండి. రిపోర్టు ఒక్కటే కాకుండా ఫిల్ములు లేదా సీడీ తీసుకెళ్లండి. మంచి డాక్టర్ బొమ్మలు తనే చూస్తారు.

ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. నా లక్షణాలకు ఈ స్కాన్‌లో ఏది సరిపోతుంది? వెన్నుపాముకు గానీ నరానికి గానీ ప్రమాదం ఉందా? ఎన్ని వారాలు ఆగి చూడొచ్చు? ఏ మార్పు వస్తే వెంటనే రావాలి? నాలుగో ప్రశ్నకు జవాబు ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి.

ఆఫీసు, సెలవు, ఇన్సూరెన్స్

పనిచేస్తూనే కోలుకోవడం చాలామందికి సాధ్యం, మంచిది కూడా. వారాల తరబడి మంచం మీద ఉంటే మెడ, నడుము ఇంకా బిగుసుకుంటాయి. మేనేజర్‌కు మొత్తం రిపోర్టు పంపకండి. అది చదివి అర్థం చేసుకునే అవసరం ఆయనకు లేదు, అందులోని మాటలు ఆయన్నీ భయపెడతాయి. మీ వైద్య వివరాలు మెయిల్ చైన్‌లో తిరగడం మీకే నష్టం. ఏ పని, ఎన్ని వారాలు, ఏ మార్పు కావాలో డాక్టర్‌తో ఒక పేజీ లెటర్ రాయించుకోండి. ‘ఆరు వారాలు ప్రయాణం తగ్గించాలి, లాప్‌టాప్ స్టాండ్, విడి కీబోర్డు కావాలి’ అన్నట్టు స్పష్టంగా ఉంటే హెచ్ఆర్ ఒప్పుకోవడం తేలిక. ‘బ్యాక్ ప్రాబ్లమ్, లైట్ వర్క్’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో ఉండాలి, మోచేతులు ఆనాలి, పాదాలు నేలకు తాకాలి. ఇంత మాత్రం చాలు. ఖరీదైన కుర్చీ కొనడం కంటే అరగంటకోసారి లేవడం ముఖ్యం. కాల్ వస్తే నిలబడి మాట్లాడండి. బస్సు, లారీ, ఆటో నడిపేవాళ్లకు, గతుకుల్లో బండి మీద తిరిగే డెలివరీవాళ్లకు ఈ సలహా చాలదు. మీరు సీటు ముందుకు జరుపుకుని స్టీరింగ్ దగ్గరగా పెట్టుకోండి. బండి దిగగానే బరువు ఎత్తకుండా రెండు నిమిషాలు నడవండి. డ్యూటీ మార్పు అడగడానికి డాక్టర్ లెటర్ దగ్గర ఉంచుకోండి. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు అర్హత ఉంటే అనారోగ్య సెలవులో సగటు రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. జీతం పోతుందని నొప్పి దాచుకుని పనిచేయకండి.

ఇన్సూరెన్స్‌లో రెండు చోట్ల దెబ్బ తింటారు. స్కాన్ ఖర్చు క్లెయిమ్ చేద్దామని ఒక రోజు అడ్మిట్ అయితే, పరీక్షల కోసమే చేరారని కంపెనీ తిరస్కరిస్తుంది. ఓపీ కవర్ లేని పాలసీలో ఎంఆర్ఐ మీ జేబులోంచే అనుకోండి. రెండోది, ఉద్యోగం మారేటప్పుడు. ఆఫీసు గ్రూప్ పాలసీలో ఎక్కువగా ముందున్న జబ్బులకు కూడా కవర్ ఉంటుంది. రాజీనామా చేసి సొంత పాలసీ కొంటే మీ మెడ, నడుము సమస్య ముందున్న జబ్బు కింద వెయిటింగ్‌లో పడుతుంది. ఈ గడువును బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించింది. డిస్క్ ఆపరేషన్లకు విడిగా వెయిటింగ్ పెట్టే పాలసీలూ ఎక్కువే. రాజీనామా ఇచ్చే ముందే అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలు అడగండి. ప్రపోజల్ ఫారంలో ఎంఆర్ఐ సంగతి దాచకండి. దాచినది క్లెయిమ్ రోజే బయటపడుతుంది.

తర్వాతి ఆరు వారాలు

ప్రమాద సంకేతాలు లేవని డాక్టర్ చెప్పాక చేయాల్సింది పెద్దగా ఏమీ ఉండదు గానీ రోజూ చేయాలి. ఫిజియోథెరపిస్టు నేర్పిన నాలుగు వ్యాయామాలు, రోజుకు అరగంట నడక, సరైన నిద్ర. మొదటి రెండు వారాల్లో వ్యాయామం చేసిన రోజు నొప్పి కొంచెం పెరిగితే కంగారు పడకండి. మర్నాటికి తగ్గితే సరిపోతుంది. తిమ్మిరి పాకుతూ కిందికి వెళ్తుంటే ఆపి డాక్టర్‌కు చెప్పండి. వారానికోసారి ఒక కొలత రాసుకోండి. ఎంతసేపు కూర్చోగలిగారు, ఎన్ని కిలోమీటర్లు నడిచారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు. స్కాన్ మళ్లీ తీయించడం కంటే మీ ప్రగతి ఈ కాగితంలోనే తెలుస్తుంది.

పాత ఫిల్ములు పారేయకండి. తేదీ రాసి ఫైల్లో పెట్టండి. ఆరేళ్ల తేడాతో తీసిన నా రెండు మెడ స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు డాక్టర్ చెప్పింది ఒక్కటే. వంపు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వెన్నుపాము అప్పుడూ బాగుంది, ఇప్పుడూ బాగుంది. మొదటి స్కాన్ రోజు నేను పట్టించుకోవాల్సింది వెన్నుపాము గురించిన వాక్యాన్ని. ఆ రోజు దాన్ని చదవనే లేదు. మీ పీడీఎఫ్ తెరిచినప్పుడు ముందు ఆ వాక్యం ఎక్కడుందో వెతకండి.